చుక్క వంక చూడని ఉపవాసం

మా ఇంట్లో అన్నం వద్దంటే ఊరుకునేవాళ్ళు కాదు. జగ్గయ్యపేట బజారులో మాది కిరాణా కొట్టు. నెయ్యికీ నూనెకీ పప్పులకీ లోటు లేని ఇల్లు. కడుపునొప్పంటే వాము నీళ్ళు తాగించేవారు. ఆకలి లేదంటే అల్లం ముక్కకు ఉప్పద్ది నమిలించి మరీ విస్తరి ముందు కూర్చోబెట్టేవారు. "ఇవాళ ఉపవాసం" అంటే మాత్రం ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. తొంభైల చివర్లో, పదో తరగతిలో ఉండగా, ఆ సంగతి నేను కనిపెట్టాను.

అంతకుముందు ఎండాకాలంలో నందిగామలో మా పిన్ని పెళ్ళయింది. ఆల్బమ్ వచ్చిన రోజు అందరూ చాప మీద చుట్టూ చేరి చూస్తున్నారు. నేను ఓణీ వేసుకుని నిలబడ్డ ఫోటో దగ్గర మా మేనమామ ఆగి, "ఇదేంటి, కొట్లో బియ్యం బస్తాకి ఓణీ చుట్టారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నన్ను ముద్దుచేసే మనిషే. మరునిమిషంలో ఆ మాట మర్చిపోయి ఉంటాడు. నేను మాత్రం ఆ ఫోటో ఏ పేజీలో ఉందో ఇప్పటికీ ఆల్బమ్ తెరవకుండా చెప్పగలను.

మొదట సోమవారం శివుడికి మొదలుపెట్టాను. తర్వాత శనివారం వెంకటేశ్వరస్వామికి, గురువారం బాబాకి. ఆపైన మంగళవారం ఆంజనేయస్వామి, శుక్రవారం అమ్మవారు కూడా వచ్చి చేరారు. దేవుళ్ళకు కొదవలేని దేశంలో పుట్టడం నాకు భలే కలిసొచ్చింది. సాయంత్రం తినాల్సిన ఉప్మా కాగితంలో చుట్టి వీధిలో తిరిగే ఆవుకు పెట్టేదాన్ని. అమ్మ మురిసిపోయి, కొట్టుకొచ్చినవాళ్ళతో "ఈ వయసులోనే ఎంత భక్తో చూడండి" అనేది. స్కూల్లో ప్రేయర్ జరుగుతుండగా కళ్ళు తిరిగి పడిపోతే, ఉపవాసమని విని మా టీచరమ్మ నన్ను నీడన కూర్చోబెట్టి, తన గురించి కూడా దేవుడికి ఓ మాట చెప్పమంది.

దువ్వెన నిండా జుట్టు ఊడి వచ్చేది. మెట్లెక్కితే ఆయాసం. అయినా పరికిణీ బొందు ఇంకాస్త బిగించి కట్టుకోవాల్సి వచ్చినప్పుడల్లా లోపల పండగలా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్ల మీద నాకు చెప్పలేనంత జాలేస్తుంది.

కార్తీకమాసం వచ్చింది. ఆ నెల సోమవారాల్లో మా ఇంటి ఆడవాళ్ళు పగలంతా ఉపవాసముండి, సాయంత్రం చుక్కను చూశాక భోంచేస్తారు. దీపాలు పెట్టగానే అందరూ మేడెక్కేవాళ్ళు. అప్పుడు చూడాలి వాళ్ళ అవస్థ. అమ్మా, పక్కింటి అత్తయ్యగారూ మెడలు నొప్పెట్టేలా ఆకాశం వెతుకుతూ, ఒకరు "అదిగో" అంటే ఇంకొకరు "అది విమానమండి" అని వాదులాడుకునేవాళ్ళు. మా నాయనమ్మకు శుక్లాలొచ్చి చూపు మసక. ఆవిడ గోడ పట్టుకుని నిలబడి "కనపడిందా? ఏమే, కనపడిందా?" అని చిన్నపిల్లలా అడుగుతూనే ఉండేది. నేను పిట్టగోడకు ఆనుకుని సోషల్ పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని.

ఒక సోమవారం చుక్క కనపడగానే అందరూ వంటింటికి పరుగుతీశారు. నాయనమ్మ మాత్రం వచ్చి నా పక్కన కూలబడింది.

"అందరూ పైకి చూస్తుంటే నువ్వు కిందకి చూస్తావేంటే?"

"చదువుకోవాలి నాయనమ్మా."

"పెళ్ళయిన కాణ్ణించీ ఉపవాసాలుంటున్నా. ఉపవాసమున్న మనిషికి ధ్యాసంతా చుక్క మీదే ఉంటదే. ఎప్పుడు పొడుస్తుందా, ఎప్పుడు తిందామా అని. నీకేమో అది పొడుస్తుందంటేనే భయంగా ఉంది."

నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. గాజులు మోచేతి దాకా జారాయి.

"ఏంటో చెప్పు. శివయ్య మీదకి నెట్టకు, ఆయనకేం తెలుసు పాపం."

ఏడుపు ఆగలేదు. ఫోటో, బస్తా మాట, ఆవుకు పెట్టిన ఉప్మా, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచి, "ఆ పెద్దమనిషి బానపొట్ట ఏ ఫోటోలో పట్టిందట?" అంది. తర్వాత నెమ్మదిగా, "నాకెలాగూ కనపడదు. వచ్చే సోమవారం చుక్కని నువ్వే చూపించాలి. నువ్వు చూపించి, నాతో పాటు తింటేనే నేను తినేది" అంది.

ఆ వారంలో నాయనమ్మ పోరగా అమ్మ నన్ను నందిగామ డాక్టరమ్మకు చూపించింది. రక్తం బాగా తక్కువుందని డాక్టరమ్మ టానిక్ రాసిచ్చింది. టానిక్ దిగింది గానీ అన్నం గొంతు దిగలేదు.

సోమవారానికి బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. ఆకాశమంతా మూసుకుపోయింది. మిగతావాళ్ళు వేళయిందని దణ్ణం పెట్టుకుని తినేశారు. నాయనమ్మ మాత్రం "నా మనవరాలు చూపిస్తానంది" అంటూ మేడ మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. పగలంతా ఉత్త మంచినీళ్ళతో ఉన్న మనిషి. నాకు భయం వేసింది. పిట్టగోడ వెంబడి తిరుగుతూ నాలుగు దిక్కులా వెతికాను. ఒక్కటి, ఒక్క చుక్క కనపడితే చాలనుకున్నాను. అంతకుముందెప్పుడూ దేనికోసమూ అంతగా వెతకలేదు.

ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం కొసన ఎర్రలైటు వెలుగుతోంది.

"అదిగో నాయనమ్మా, చుక్క!"

ఆవిడ కళ్ళు చికిలించింది. "ఎర్రగా ఉందేంటే?"

"కుజుడు."

"ఓహో" అని దణ్ణం పెట్టుకుంది.

అమ్మ కంచం పైకి తెచ్చింది. నాయనమ్మ పప్పన్నం కలిపి నా చేతిలో ముద్ద పెట్టి, నేను నోట్లో పెట్టుకునే దాకా చూసి, తర్వాత తను తింది. కాసేపు నమిలి అడిగింది.

"మీ కుజుడు రోజూ అక్కడే ఉంటాడా?"

తలెత్తి చూశాను. నవ్వు దాచుకోవడం ఆవిడ వల్ల కావడం లేదు.

"ఉంటాడు" అన్నాను.

"అయితే రేపు కూడా ఆయన్ని చూసే తిందాం."

రెండో ముద్దలో నెయ్యి వేసింది. నేను వద్దనలేదు.