కళ్ళు మూసుకుని పెట్టిన పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పసిపిల్ల చాలా రోజులు పేరు లేకుండానే పెరిగింది. ఆ పిల్ల మా చెల్లి. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. పేరు లేని మనిషిని చూడటం నాకదే మొదటిసారి కాబట్టి, బడి నుంచి రాగానే సంచి ఓ మూల పడేసి ఉయ్యాల పక్కన చతికిలబడేదాన్ని. పేరు లేని పిల్లలకి కలలొస్తాయా, పేరు పెట్టగానే మొహం మారుతుందా, పెట్టిన పేరు నచ్చకపోతే పెద్దయ్యాక తిరిగి ఇచ్చేయొచ్చా, ఇలాంటివి నా సందేహాలు. అడిగితే చెప్పే తీరిక ఇంట్లో ఎవరికీ లేదు.

మేం అప్పుడు ఢిల్లీలో సర్కారీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్న అశోకా రోడ్ దగ్గర ఒక ఆఫీసులో గుమస్తా, మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబాలవాళ్ళే. పురిటికి సాయం చేయడానికి నరసాపురం నుంచి మా నాయనమ్మ వచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఒకదానిమీద ఒకటి రెండు స్వెట్టర్లు తొడుక్కుని, ఈ ఊరి చలిని తిట్టని పూట లేదు.

గొడవంతా చెల్లి పేరు గురించి. మా నాన్న జోయన్నా అని పెడదామన్నాడు. మా అమ్మ యోహన్నా అంది. రెండూ ఒకటే పేరట. మొదటిది ఇంగ్లీషువాళ్ళు పిలిచే తీరు, రెండోది జర్మనీవాళ్ళు పిలిచే తీరు. ఒకే పేరైనప్పుడు ఇంత పట్టుదల దేనికో నాకు అర్థమయ్యేది కాదు. నాన్న దగ్గర కారణాలకి కొదవ లేదు. ఇంగ్లీషు పేరైతే కాన్వెంటులో సీటు దగ్గర్నుంచి రేపటి ఉద్యోగం దాకా ఎక్కడా అడ్డు రాదనేవాడు. అమ్మ మాత్రం "నాకు అదే ఇష్టమండీ" అని ఊరుకునేది. ఎందుకిష్టమని అడిగితే పాలసీసా కడగడానికి లేచి వెళ్ళిపోయేది. ఆమెకి ఆసుపత్రిలో పరదేశపు మోజు పట్టుకుందని నాన్న అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

నాయనమ్మకి అమ్మ చెప్పిన పేరు బొత్తిగా మింగుడు పడలేదు. "యోహానని మా సంఘంలో నలుగురు మగాళ్ళున్నారు. ఆడపిల్లకి అదేం పేరే?" అని ముక్కున వేలేసుకుంది. పక్కింటి పంజాబీ ఆంటీని అడిగితే "దోనో అచ్ఛే హైఁ, లడ్డూ కబ్ మిలేగా?" అంది. రెండూ బాగున్నాయి, లడ్డూ ఎప్పుడని ఆమె ఆత్రం.

ఆదివారం బాప్తిస్మం అనగా, శనివారం దాకా విషయం తేలలేదు. ఆ సాయంత్రం ఎప్పట్లాగే కుటుంబ ప్రార్థనకి చాప పరిచాం. పాట పాడుకుని, వాక్యం చదువుకున్నాక ఒక్కొక్కరం ప్రార్థన చేయడం మా ఇంటి పద్ధతి. పాట అయ్యాక నాయనమ్మ బైబిలు తెరవలేదు. కొడుకు వంకా కోడలి వంకా చూసి, "వాదించుకున్నది చాల్రా అబ్బాయ్. నువ్వనుకున్న పేరు పెట్టి బిడ్డ కోసం ప్రార్థన చెయ్యి. అమ్మాయ్, నువ్వనుకున్న పేరుతో నువ్వు చెయ్యి. ఎందుక్కావాలో నాకు చెప్పొద్దు, ఆయనకి చెప్పుకోండి" అంది.

ఒకే పిల్ల కోసం రెండు పేర్లతో అడిగితే దేవుడు తికమక పడడా అని నా దిగులు. ఏం జరుగుతుందో చూడాలని ఒక కన్ను సగం తెరిచే ఉంచాను.

నాన్న ముందు మొదలుపెట్టాడు. ఎప్పట్లాగే చర్చిలో పెద్దలు వాడే పెద్ద పెద్ద మాటలతో సాగుతోంది ప్రార్థన. జోయన్నా అన్న పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ పెద్ద మాటలు వదిలేశాడు. ఈ ఊళ్ళో తన పేరు చెప్పిన చోటల్లా నవ్వుతున్నారని, సగం పేరు ఊడగొట్టి మిగిలిన దానికి 'జీ' తగిలించి పిలుస్తున్నారని, తన బిడ్డని చూసి మాత్రం ఎవరూ అలా నవ్వకూడదని దేవుణ్ణి అడిగాడు. నేను తెల్లబోయాను. ఆఫీసువాళ్ళు తన పేరుని ఎలా ఖూనీ చేస్తారో నాన్న ఇంట్లో అనుకరించి చూపిస్తుంటే మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. అది ఆయనకి బాధ అని నాకెప్పుడూ తోచలేదు.

తర్వాత అమ్మ. కొంగు తల మీదికి లాక్కుని మొదలుపెట్టింది. అది ప్రార్థనలా లేదు, పక్కనున్న మనిషితో చెప్పుకున్నట్టుంది. అమ్మకి పదహారేళ్ళప్పుడు వాళ్ళమ్మ మిషను ఆసుపత్రిలో కలరాతో పోయిందట. జబ్బు అంటుకుంటుందని బంధువులెవరూ ఆ గుమ్మం దాటలేదట. చివరి స్నానం చేయించేవాళ్ళు లేక అమ్మ ఒక్కతే నిలబడి ఏడుస్తుంటే, జర్మనీ నుంచి వచ్చిన నర్సొకామె గౌను చేతులు పైకి మడుచుకుని లోపలికి వెళ్ళి, నీళ్ళు కాచి, సొంత తల్లికి చేసినట్టు స్నానం చేయించి, తల దువ్వి, తన దగ్గరున్న తెల్లచీర కట్టిందట. ఆ తర్వాత అమ్మని తన దగ్గరే ఉంచుకుని నర్సు పని నేర్పింది. ఆమె పేరు యోహన్నా. "ఆమెకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు ప్రభువా. ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు" అంది అమ్మ.

నాన్న కళ్ళు తెరిచి అమ్మనే చూస్తున్నాడు. పెళ్ళయి పదేళ్ళయినా ఈ సంగతి ఆయనకీ తెలియదని ఆ చూపులోనే అర్థమైంది. అమ్మ కళ్ళు మాత్రం మూసుకునే ఉన్నాయి. ఆమె ముక్కు తుడుచుకుని, "అయినా ఆయన మనసు నొప్పించను ప్రభువా. ఆయనన్న పేరే పెట్టుకుంటాం" అని ముగించింది. నాయనమ్మ ఆమేన్ అని, దుప్పటి తెచ్చి అమ్మ భుజాల మీద కప్పింది. ఇక పేరు జోయన్నాయే అని అందరికీ ఖాయమైపోయింది.

మర్నాడు చర్చిలో పాస్టరుగారు చెల్లిని చేతుల్లోకి తీసుకుని, బిడ్డ పేరేమిటని అడిగారు. చెప్పవలసింది తండ్రి. మా నాన్న గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా "యోహన్నా" అన్నాడు. అమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టకముందే మా నాయనమ్మ పెద్దగా ఆమేన్ అనేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఎందుకో ఏడుపొచ్చింది.

నాన్న భయపడ్డట్టే జరిగింది. బడిలో మా చెల్లిని అబ్బాయి పేరని ఏడిపించారు. కానీ దాన్ని బడిలో వేసిన రోజున నాన్న సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఒక జవాబు నేర్పించి తీసుకెళ్ళాడు. ఎవరు నవ్వినా అది బెదరకుండా, "మా అమ్మమ్మకి ఎవరూ చేయించని చివరి స్నానం చేయించినామె పేరిది" అనేది. హిందీలోనే అనేది. విన్నవాళ్ళు మళ్ళీ నవ్వేవాళ్ళు కారు. ఆ మాట విన్నప్పుడల్లా నాన్న వెన్ను కొంచెం నిటారుగా అయ్యేది.

మొన్న గ్రేటర్ నోయిడాలో మా అబ్బాయికి కూతురు పుట్టింది. సోఫీ అనాలా, సోఫియా అనాలా అని మొగుడూ పెళ్ళాం ఫోనులో వెతుక్కుంటూ హిందీలో వాదించుకుంటున్నారు. ఎవరి పక్షమని నన్నడిగారు. మా కోడలు కారణమేమీ చెప్పకుండా ఒక పేరునే పట్టుకుని కూర్చుంది. ఆమె వంటింట్లోకి వెళితే నేనూ వెళ్ళి, పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. కారణం చెప్పలేని మనిషి దగ్గర కారణం లేదనుకుని లేచిపోవడం ఆ శనివారంతోనే మానేశాను.