స్తెఫను అతికించిన మాటలు

స్తెఫనుకు చప్పుడు లేని బొమ్మంటే పడదు. అతను ఇల్లందు గనిలో ఎలక్ట్రీషియన్. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర చిన్న సినిమా కెమెరా కొన్నాడు. అది బొమ్మను పట్టుకుంటుంది గానీ మాటను పట్టుకోదు. ఆ లోటు తీర్చడానికి ఇద్దరు మోస్తే గానీ కదలని టేపురికార్డరు తెచ్చాడు, పైన టేపు చుట్టుకునే రెండు చక్రాలున్నది. గోడ మీద బొమ్మ ఆడుతుంటే పక్కన టేపు తిప్పేవాడు. రెండూ ఏనాడూ కలిసి నడవలేదు. మేక నోరు తెరిస్తే పాస్టరుగారి ప్రార్థన వినిపించేది; పాస్టరుగారు నోరు తెరిస్తే మేక అరిచేది.

భార్య రిబ్కా బాధ వేరు. బొమ్మలో నవ్విన పాపానికి, నెల తర్వాత రీలు బొంబాయి ల్యాబులో కడిగి పంపాక, మైకు ముందు మళ్ళీ నవ్వాలి.

"పొయ్యి మీద కూర మాడుతుంటే నవ్వెట్లొస్తదయ్యా?"

"కూర దించి నవ్వు."

డెబ్బై ఎనిమిదిలో పక్క క్వార్టరు జకర్యా కూతురి పెళ్ళి తీశాడు. జకర్యాకు నత్తి. బిడ్డను దీవిద్దామని లేచి, పెదవులు ఆడించి, ఒక్క మాటా పెగలక కూర్చుండిపోయాడు.

ఆ రీలు బొంబాయి నుంచి వచ్చిన నాటి నుంచి పది సాయంత్రాలు స్తెఫను అతన్ని ఇంటికి పిలిచి మైకు ముందు కూర్చోబెట్టాడు. ఫ్యాను బందు. కుక్కర్ కూత పెట్టకూడదు. రిబ్కా చెమటలు కక్కుతూ చాయ్ మీద చాయ్ పెట్టింది. జకర్యా వెళ్ళగానే స్తెఫను బ్లేడు తీసుకొని టేపును ముక్కలు ముక్కలు చేసేవాడు.

"మాట రాని మనిషిని ఎందుకు సతాయిస్తవ్? గిదేంది, పప్పుల గూడ టేపు ముక్కనేనా!"

"ముట్టకు! అది 'సల్లగ' అన్న ముక్క. పొద్దటి సంది దానికోసమే దేవులాడుతున్న!"

ఆదివారం కారేపల్లిలో, జకర్యా అల్లుడింట్లో, దుప్పటి కట్టి రీలు వేశారు. బొమ్మలో జకర్యా లేచాడు. పెదవులు ఆడాయి. టేపు గుర్రుమంది. బొమ్మలో జకర్యా కూర్చున్నాడు. లడ్డూ నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడొచ్చింది గొంతు, ఒక్క తడబాటు లేకుండా:

"బిడ్డా, సల్లగుండు. ఎప్పుడు రాబుద్దయితే అప్పుడు ఇంటికి రా. నేను గడియ పెట్టను."

పది రోజుల నత్తిలోంచి ఏరి అతికించిన మాటలు.

లడ్డూను ఎవరూ పట్టించుకోలేదు. బిడ్డ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నే... నేనేనా?" అన్నాడు జకర్యా.

"నువ్వే నాయినా."

స్తెఫను మాత్రం తల బాదుకుంటున్నాడు. "మాట పోయి లడ్డూకాడ పడ్డది! అంతా ఖరాబైంది!"

రిబ్కా అతని నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి, జకర్యా వైపు తిరిగింది.

"అన్నా, రేపటి సంది మళ్ళ రా. చాయ్ నేను పెడ్త. మనవడికి పేరు పెట్టేనాడు చెప్పే మాటలు ఇప్పుడు మొదలువెడితేనే అందుతయ్."

కొత్త పెళ్ళికూతురు మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.