పేర్ల పట్టిక

వడ్రంగి షాపుల వాళ్ళు అతన్ని తాళమయ్య అనేవారు. అతను అమ్మేది తాళాలు కాదు, కంప్యూటర్ ప్రోగ్రామ్. ప్లైవుడ్ షీటును ఎటు తిప్పి కోస్తే ముక్కలు వృథా కావో అది చెబుతుంది. తొమ్మిదేళ్ళు ఒంటిచేత్తో రాశాడు. అమ్మేది యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపమే అయినా, పనితెలిసినవాడు దాన్ని విప్పి లోపలి రాతను చాలావరకు బయటికి లాగగలడు. ఆ భయంతో అతను అమ్మేముందు 'రంపం మందం', 'మిగులు ముక్క' లాంటి పేర్లన్నీ తీసేసి, క1, క2 అని అర్థంలేని గుర్తులు పెట్టేవాడు. విప్పినవాడికి తలా తోకా దొరక్కూడదు. ఏ గుర్తుకు అసలు పేరేదో చెప్పే పట్టిక మాత్రం తన దగ్గరే ఉండేది. ఏ షాపులోనైనా ప్రోగ్రామ్ మొరాయిస్తే బాగుచేయడానికి అది కావాలి. అది ఉన్న కంప్యూటర్ గదికి రెండు తాళాలు. భార్య ఊడ్చేటప్పుడు కూడా గుమ్మంలో నిలబడి చూసేవాడు.

అలాంటిది, బావమరిది అచ్చం అదే ప్రోగ్రామ్‌ను వేరే పేరుతో అమ్ముతున్నాడని ఒక షాపువాడు చెప్పాడు. అతను నేరుగా ఇంటికొచ్చి భార్య మీద పడ్డాడు.

"మీ తమ్ముడికి తాళంచెవి ఇచ్చింది నువ్వే."

"నేనివ్వలేదు."

"మరి వాడు గోడలోంచి దూరాడా?"

"వాడినే అడుగుదాం పదండి. ఇది తేలేదాకా నాతో మాట్లాడకండి."

పదకొండు రోజులు ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పన్నెండో రోజున అతను సరేనన్నాడు, ఇద్దరూ బయల్దేరారు.

బావమరిది గది రంగుల కొట్టు పైన. కుర్చీ నిండా విడిచిన బట్టలు. "రా అక్కా. ఏం బావా, పోలీసుల్ని తేలేదా?"

"నీకు పోలీసులెందుకు, నా కాలి చెప్పు చాలు."

బావమరిది నవ్వి, ఒక షాపు నుంచి తెచ్చుకున్న కాపీని తెర మీద తెరిచాడు. అందులో ఒక ఫైలు. ఎడమవైపు గుర్తులు, కుడివైపు పేర్లు. "నీ పట్టికే బావా. నువ్వే షాపులన్నిటికీ పంచావు."

అతనికప్పుడు గుర్తొచ్చింది. కిందటిసారి షాపులకు కొత్త కాపీ పంపేటప్పుడు తొందరలో ఫోల్డర్ మొత్తాన్నీ ఒకేసారి ప్యాక్ చేసి పంపాడు. పట్టిక ఆ ఫోల్డర్‌లోనే ఉంది.

"అయినా విప్పింది నువ్వేగా, దొంగవెధవా."

"విప్పాను. నువ్వు రమ్మని పిలిచినట్టుంటేనూ."

"నోరు మూయరా," అంది అక్క. "తలుపు తీసి ఉంటే ఇంట్లో సామాను నీదైపోతుందా?" తర్వాత భర్త వైపు తిరిగింది. "మరి నన్నన్న మాట?"

అతను తెర మీంచి చూపు తిప్పలేదు. "వీడు నీ తమ్ముడేగా," అన్నాడు.

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అతను షాపులకు ఫోన్లు మొదలుపెట్టాడు. ఆ ఫైలు తీసేయమని ఒక్కొక్కరినీ బతిమాలాలి.

"ఏం ఫైలయ్యా అది? మా దగ్గరికెలా వచ్చింది?"

"పొరపాటున వచ్చింది."

"ఎవరి పొరపాటు?"

"నాదే."

కొందరు నవ్వారు. ఒకడు పక్కవాణ్ణి పిలిచి మళ్ళీ చెప్పించాడు. పక్క గదిలో భార్య బట్టలు మడతపెడుతూ అన్నీ వింది. పద్నాలుగో ఫోను పెట్టేశాక వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఊరందరికీ చెప్పారు. ఇటు తిరిగి ఆ ముక్క నాకూ చెప్పండి."

అతను చేతిలోని షాపుల జాబితా చూసుకున్నాడు. "ఇంకా ముగ్గురున్నారు," అంటూ తర్వాతి నంబరు నొక్కాడు.