తుపాకి మూతిలో పీచు

ఒమాన్‌లోని బహ్లా ఊళ్ళో మా అద్దె ఇంటి వెనక గోడ దాటితే ఖర్జూర తోట. తోట ఒక ముసలి ఒమానీది. అందులో పని చేసే మనిషి కడప జిల్లావాడు, ముస్లిం. ముసలాయన అతన్ని రఫీక్, అంటే నేస్తం, అని పిలిచేవాడు, అతను ఆయన్ని అర్బాబ్, అంటే యజమాని, అనేవాడు. ఇద్దరికీ అవే పేర్లన్నట్టు చాలా ఏళ్ళు గడిచిపోయాయి. నేను పత్రికలో డెస్కు పని చేసి రిటైరై, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మా ఆవిడ దగ్గరికి వచ్చి ఉంటున్నవాణ్ణి. పగలు నాకు పని లేదు. తెలుగు వినాలంటే గోడ దాటాలి. అందుకని సాయంత్రాలు ఎక్కువగా ఆ తోటలో అతని రేకుల గది ముందే గడిచేవి.

ఒక శుక్రవారం తోటకి నీళ్ళ ట్యాంకర్ తెచ్చిన డ్రైవర్ కూడా అక్కడే కూలబడ్డాడు. జగిత్యాల వైపు కుర్రాడు. ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతున్నాడు. ఏ తుపాకి ఎంత దూరం కొడుతుందో, ఏది పేల్చినప్పుడు ఎంత వెనక్కి తంతుందో చదువుకున్న పాఠంలా చెబుతున్నాడు.

"ఒక్క ఏకే ఉంటే సాలు సార్. మా సూపర్‌వైజర్ గాని సంగతి అప్పుడు జూస్త."

"చార్జింగ్ అయిపోతే నీ ఏకే పేలదప్పా," అన్నాడు కడపాయన, టీ గిన్నె దించుతూ.

"మరి నీకేం గావాలె చాచా?"

"నాకు కొత్తవి వద్దు. మా నాయనది ఒకటి ఉన్నింది. అదే కావల్ల."

"నాటుదా? స్కోప్ ఉంటదా దానికి?"

"స్కోపు లేదు, సోకు లేదు. మూతిలో బారూద్ మందు పోసి, గుడ్డపేలికలు కుక్కి, కడ్డీతో దట్టించల్ల. ఆ శబ్దానికే పందులు అడివి దాటి పోతాయి."

"పందిని గొట్టి ఏం జేస్తవ్ చాచా? తింటవా ఏంది?"

"నేను తినేదానికి కాదురా నాయనా. అది నా చెనిక్కాయ తినకుండా."

డ్రైవర్ పడీపడీ నవ్వాడు. కడపాయన కూడా నవ్వాడు కానీ తుపాకి సంగతి అక్కడితో వదల్లేదు. అడివి అంచున వాళ్ళకి కొంచెం చేను ఉంది. ఎర్రచందనం దొంగల కోసం పోలీసులు ఊళ్ళు గాలించడం మొదలుపెట్టాక, ఇంట్లో నాటు తుపాకి ఉన్నవాళ్ళు తెచ్చి స్టేషన్‌లో ఇమ్మని దండోరా వేశారట. ఇస్తే కేసు లేదు, దొరికితే ఉంది. తీసుకెళ్ళి ఇచ్చేశాడు. స్టేషన్ వరండాలో కట్టెల మోపులా పడేసి ఉన్న తుపాకుల మీద తన తండ్రిది కూడా పడేసి, వెనక్కి చూడకుండా వచ్చేశానన్నాడు. తర్వాతి పంట కారులో చేను పందులపాలైంది. ఆ తర్వాత అతను ఇక్కడికి వచ్చాడు.

"మీకే తుపాకి కావాలె సార్?" అని డ్రైవర్ నన్ను అడిగాడు. చిన్నప్పుడు దీపావళికి కొన్న రీళ్ళ తుపాకి తప్ప నాకు ఏ తుపాకీ గుర్తు రాలేదు. ఉద్యోగంలో మాత్రం తుపాకులు చాలా చూశాను, అన్నీ వార్తల్లోనే. 'నాటు తుపాకి పేలి ఒకరికి గాయాలు.' లోపలి పేజీలో, అడుగున, సింగిల్ కాలమ్. ఆ శీర్షికలో తుపాకి తనంతట తనే పేలుతుంది. దట్టించినవాడు ఉండడు. చోటు చాలక అలా రాసేవాళ్ళం.

ముసలాయన దగ్గర ఒక తుపాకి ఉండేది. ఈ వైపు ఇళ్ళలో చాలావరకు ఏదో ఒకటి ఉంటుంది. కొందరికి ఇంగ్లిష్ వాళ్ళ కాలపు రైఫిల్, కొందరికి అంతకన్నా పాతది. ఈయనది అంతకన్నా పాతది. మనిషంత పొడవు, మడమకి వెండి తొడుగు, గొట్టం చుట్టూ వెండి కట్లు. వత్తి అంటించి పేల్చాలి. వేటకీ కాదు, కాపలాకీ కాదు, పెళ్ళిళ్ళకీ పండక్కీ మగవాళ్ళు వరుసగా నిలబడి పాడుతూ ఆకాశంలోకి ఉత్త మందు పేల్చడానికి. కొడుకు మస్కట్‌లో ఆఫీసు ఉద్యోగం చేస్తాడు. అతనికి ఆ తుపాకి గోడ మీద బాగుంటుంది. ముసలాయనకి మాత్రం చేతిలో ఉంటేనే బాగుంటుంది.

అది మూతిలోంచి దట్టించే తుపాకి కావడమే కడపాయనకి వచ్చిన చిక్కు. ఏ పండక్కో ముసలాయన వణికే చేతులతో మందు కింద పోసుకుంటుంటే చూడలేక తీసుకుని దట్టించి ఇచ్చాడు. అలవాటైన చెయ్యి. ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడట. అప్పటినుంచి ఇంటి ఆవరణలో, తలుపు వేసుకుని, తుపాకి పని రఫీక్‌ది. బయట ముసలాయనది. పరదేశి ఆయుధం ముట్టుకుంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. జైలు, ఆ తర్వాత మళ్ళీ రాకుండా పాస్‌పోర్టు మీద ముద్ర. నేను ఒకసారి అతనికి అదే గుర్తుచేశాను.

"తెలుసు సార్. నూనె పూసేటప్పుడు మా నాయనది పట్టుకున్నట్టే ఉంటాది. అంతే."

మా ఆవిడకి ఈ సంగతి నచ్చలేదు. "ఆ ముద్దు పట్టుకున్నంతసేపే అండీ. పేలితే మా దగ్గరికే తెస్తారు," అంది.

వేసవి ముదరకముందే ముసలాయన మనవడి పెళ్ళి వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం ముసలాయన తుపాకి తుడిచి ఉంచమని చెప్పి మసీదుకి వెళ్ళాడు. కడపాయన తుడిచాడు, నూనె పూశాడు. మర్నాడు మేకలు తేవడానికి, వంట డేగిసాలు దించడానికి తను ఊరి బయట ఉండాలి. అర్బాబ్ చేతులు వణుకుతాయి. అందరి ముందూ మందు ఒలికితే నామోషీ. అందుకని ఆయన అడక్కుండానే మందు పోసి, దట్టించి, మూతిలో కాస్త ఖర్జూరపు పీచు కుక్కి, గోడకి ఆనించి తన పనికి వెళ్ళిపోయాడు.

పెళ్ళి నేనూ చూశాను. ఊరి పాత కోట గోడ కింద ఖాళీ స్థలంలో తెల్లటి దుస్తుల వరుసలు, డోళ్ళు, కత్తులు. ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. ముసలాయన తన వంతు రాగానే వరుస ముందుకి వచ్చి తుపాకి ఎత్తాడు. శబ్దం తేడాగా వచ్చింది. అంతకుముందు పేలినవి బరువుగా, గుండ్రంగా మోగాయి. ఇది రేకు చీలినట్టు వచ్చింది. పొగ తేలిపోయాక ఆయన నిలబడే ఉన్నాడు, తుపాకి మాత్రం సగమే ఉంది. కుడిచెయ్యి వైపు తెల్లటి బట్ట ఎర్రబడుతూ వస్తోంది. డోళ్ళు ఆగడానికి కొంచెం సమయం పట్టింది.

మా ఆవిడ ఆ సాయంత్రం డ్యూటీలో ఉంది. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. కుడికన్ను పోయింది. నేను ఎమర్జెన్సీ బయట బెంచీ మీద కూర్చున్నాను. కడపాయన వంట బట్టలతోనే పరుగెత్తుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేతులకంటిన మసి తుడుచుకున్నాడు. తర్వాత, "ఆయన ఎవురిచేత దట్టించుకున్నాడు సార్?" అని అడిగాడు.

"తనే. నా కళ్ళ ముందే దట్టించుకున్నాడు. మూతిలో ఏదో పీచు ఉంటే పీకి పారేసి, మందు పోసుకుని, కడ్డీతో పొడిచాడు. చేతులు వణికినా బాగానే చేశాడు."

అతను బెంచీ మీంచి లేచాడు.

"పీకినాడా?"

"పీకాడు. ఏం?"

"మా ఊర్లో మూతిలో పేలిక ఉన్నిందంటే దట్టించింది అని సార్. పిల్లోడు గూడా ముట్టడు. నేను పీచు పెట్టింది అందుకే."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఇక్కడివాళ్ళు గొట్టంలోకి దుమ్ము పోకుండా, బల్లులు దూరకుండా ఊరికే ఉన్న తుపాకికి మూతిలో ఏదో ఒకటి కుక్కి పెడతారు. పేల్చే ముందు పీకేస్తారు. కడపలో అదే గురుతు జాగ్రత్త అని చెబుతుంది, బహ్లాలో ఖాళీ అని చెబుతుంది. ముసలాయన మందు మీద మందు పోశాడు. ఎప్పటిదో పాత ఇనుప గొట్టం రెండు మోతాదులు మోయలేకపోయింది.

"సార్, ఇది ఎవురికీ చెప్పాకండి," అన్నాడు. నేను తలూపాను.

పోలీసులు మర్నాడు పొద్దున ఆసుపత్రికి వచ్చారు. పెళ్ళికి మస్కట్ నుంచి వచ్చిన కొడుకు అక్కడే ఉన్నాడు. గట్టిగా, చదువుకున్నవాడి అరబ్బీలో మాట్లాడుతున్నాడు. తండ్రి ఒక్కడే అంత మందు పోసి ఉండడనీ, ఇంట్లో పనివాడు తుపాకి తుడుస్తాడని విన్నాననీ అతని అనుమానం. కడపాయన్ని గది గుమ్మం దగ్గర నిలబెట్టారు. లోపల మంచం పక్కన ఉన్నది మా ఆవిడ. జరిగింది తను చెబితేనే నాకు తెలిసింది. ఎవరు దట్టించారని అడిగితే ముసలాయన మిగిలిన కన్ను తెరిచి, "నేను," అన్నాడు. ఇంకెవరైనా ముట్టుకున్నారా అని అడిగితే, "నా తుపాకి నేను తప్ప ఎవరు ముట్టుకుంటారు?" అన్నాడు. గుమ్మం వైపు చూడలేదు. పోలీసులు విరిగిన ముక్కలు పట్టుకుని వెళ్ళిపోయారు.

ఇక్కడితో కడపాయన గండం గడిచిందని నేను అనుకున్నాను. అతను అనుకోలేదు. ముసలాయన ఇంటికి వచ్చాక రోజూ కట్టు మార్చడానికి తీసుకెళ్ళేది అతనే, చెప్పులు తొడిగేది అతనే. ఒక సాయంత్రం గోడ దగ్గర నన్ను ఆపాడు.

"ఆయనకి తెలుసా, తెలీదా? అదొక్కటి నాకు తెలియల్ల సార్."

"తెలిసి నీకేం లాభం?"

"తెలియకుండానే నన్ను కాపాడింటే, నేను ఆయన్ని మోసం చేసినట్టు. తెలిసి కాపాడింటే వేరే."

"చెబితే ఏమవుతుందో ఆలోచించావా? కొడుకు కాచుకుని ఉన్నాడు."

"ఆలోచించినా. చెనిక్కాయ చేను గూడా తలుచుకున్నా. అయినా రోజూ ఆ చేతికి గుడ్డ చుట్టేది నేనే గదా సార్."

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "చెప్పొద్దని చెప్పండి," అంది. "ఎవరు ఏం చెప్పినా ఆ చెయ్యి తిరిగి రాదు. ఈయన మాత్రం జైలుకి పోతాడు." మర్నాడు నేను అదే చెప్పాను. ఒక్క మాటకీ ఎదురు చెప్పకుండా విని, తోటలోకి వెళ్ళిపోయాడు.

రెండు వారాలు దాటాక ఒకరోజు నేను వెళ్ళేసరికి ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నేల మీద కడపాయన. కాఫీ చల్లారిపోయి ఉంది. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. మాటలు నాకు వినబడలేదు. తర్వాత అతనే చెప్పాడు. పీచు సంగతి మొత్తం చెప్పాడట. ముసలాయన అడ్డుపడకుండా విన్నాడు. విని, "పీచు గట్టిగా ఉంది. లాగేటప్పుడే అనుకున్నాను, దుమ్ము కోసం ఇంత గట్టిగా ఎవరు పెడతారు అని," అన్నాడట. "అనుకుని, డోళ్ళు మోగుతున్నాయని వదిలేశాను."

"అంటే తెలుసు గదా," అన్నాను నేను, కొంచెం తేలికపడి.

"తెలుసు సార్. ఇంకో మాట గూడా అన్నాడు. నిన్ను పోలీసులకి ఇవ్వను. కానీ నాకు మిగిలిన కంటితో రోజూ నిన్ను చూస్తూ ఉండలేను. ఖర్జూరాలు కోసి పో, అని."

"కోపంగానా?"

"కోపంగా అనింటే బాగుండు."

కోతలు ఆ ఏడు బాగా జరిగాయి. చెట్టెక్కి గెలలు దించేది, నేల మీద పరిచేది, ఏరేది అంతా అతనే. ముసలాయన పక్కన కూర్చుని చూసేవాడు. బంధువులు భోజనానికి పిలిస్తే వెళ్ళేవాడు కాదు. అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని కుడిచేత్తో తినేచోట ఎడమచెయ్యి పెట్టలేక, ఇంట్లోనే గోడవైపు తిరిగి చెంచాతో తినేవాడు. ఆ చెంచా, పళ్ళెం కడిగి పెట్టేది కూడా కడపాయనే. ఇద్దరి మధ్యా పనికి కావలసిన మాటలు తప్ప వేరే మాటలు లేవని మా ఆవిడ కూడా గమనించింది. వీసా రద్దు కాగితాల మీద కొడుకు సంతకం పెట్టాడు. ఎందుకు పంపిస్తున్నారో కొడుక్కి తెలియదు. తండ్రి చెప్పలేదు.

వెళ్ళే రోజు నేనే కడపాయన్ని మస్కట్ బస్సు దగ్గర దించాను. ఒక బ్యాగు, ఒక ఖర్జూరాల డబ్బా. డబ్బా ముసలాయన ఇవ్వలేదు, తనే కొనుక్కున్నాడు. దారిలో అడివిపందుల సంగతి అడుగుదామనుకుని ఊరుకున్నాను. బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది.

"పోయొస్తానని చెప్పావా ఆయనకి?"

"చెప్పినా సార్."

"ఏమన్నాడు?"

అతను బ్యాగు జిప్పు ఒకసారి తెరిచి మళ్ళీ వేశాడు.

"రేపు ఊరి ఫలజ్ కాలవలో నీళ్ళ వంతు మనది, మడికి ఎవురు తిప్పుతారు అని అడిగినాడు."

"నువ్వేం చెప్పావు?"

"నేనే తిప్పుతా అర్బాబ్ అని నోటికొచ్చేసింది. అని, బ్యాగు తీసుకుని వచ్చేసినా."

మర్నాడు పొద్దున గోడ మీంచి చూశాను. కాలవలో నీళ్ళు నిండుగా పారుతున్నాయి. ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేత్తో, మడి నోటికి అడ్డంగా ఉన్న రాయిని జరపడానికి చూస్తున్నాడు. నేను గోడ దాటబోతే అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. వాళ్ళ వంతు అయిపోయేదాకా నీళ్ళు ఆ మడిని దాటుకుని పక్క తోటలోకే పోయాయి.