తెరచాపల భీమారావు గారు

కెనడాలో టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో భీమారావు గారిని భోజనానికి పిలవాలంటే జనం జంకేవారు. మనిషి బంగారం. కానీ విస్తట్లో పప్పు పడేలోపే ఆయన నోట్లోంచి ఓడ బయల్దేరేది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన లిఫ్టులు డిజైన్ చేసిన ఇంజనీరు. రిటైరయ్యాక, ఒకప్పుడు అంటారియో సరస్సు మీద సరుకులు మోసిన తెరచాప ఓడల చరిత్ర పట్టుకున్నారు. ఏ ఓడ ఎక్కడ కట్టారు, ఏ గాలికి ఎక్కడ మునిగింది, పాత పేపర్లన్నీ తిరగేసి తేల్చేవారు. తీరా చూస్తే ఆయనకి పడవ పడదు. టొరంటో ఐలాండ్ ఫెర్రీ కదలకముందే కడుపులో తిప్పేది. భార్య కనకదుర్గ హ్యాండ్‌బ్యాగులో నిమ్మకాయ పెట్టుకుని వెంట తిరిగేది.

అసలు గండం సత్యనారాయణ వ్రతాలప్పుడు. కథలో వర్తకుడి ఓడ రాగానే ఆయన చెయ్యి లేచేది.

"పంతులుగారూ, ఆ ఓడకి తెరచాప కొయ్యలెన్ని? రెండా, మూడా?"

"అంకుల్, ఆకలేస్తోంది" అని వెనక నుంచి ఎవరో గొణిగేవారు. ప్రసాదం చల్లారిపోయేది గానీ ఆయన చల్లారేవారు కాదు. సరస్సు అడుగున రాళ్ళు ఏరి టొరంటోలో అమ్ముకున్న ఓడల దాకా వెళ్ళి గానీ పంతులుగారిని వదిలేవారు కాదు. కనకదుర్గ మోచేత్తో పొడిచేది. ఆయన దాన్ని ప్రోత్సాహం అనుకునేవారు.

ఆ భీమారావు గారు కిందటేడు నిద్రలోనే పోయారు. పరామర్శకి వచ్చినవాళ్ళంతా మంచి మనిషన్నారు, ఆవకాయంటే ప్రాణం పెట్టేవారన్నారు. ఓడల మాట ఒక్కరూ ఎత్తలేదు. కనకదుర్గకి అది ముల్లులా గుచ్చుకుంది. అంతమంది ముందు అన్నేళ్ళు గొంతు చించుకున్నారే, ఒక్క ముక్కయినా ఎవరి చెవిలోనైనా మిగిలిందా? మిగలకపోతే ఆయన పడ్డ పాటంతా గాలికి పోయినట్టే కదా అని ఏడుపొచ్చేది.

సంవత్సరీకం అయ్యాక ఇంట్లో వ్రతం పెట్టుకుంది. కూతురు వాసవి, అల్లుడు పీటల మీద కూర్చున్నారు. పాత బృందమంతా దిగింది. కెనడాలోనే ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊరి నుంచి అల్లుడి మేనమామ రాజగోపాల్ గారు వచ్చారు. ఏజాక్స్‌లో వ్రతానికి రావడం ఆయనకి అదే మొదలు.

ఓడ ఘట్టం వచ్చింది. చెయ్యెత్తే మనిషి లేడు. కనకదుర్గ తల వంచుకుంది. పంతులుగారు కళ్ళు మూసుకుని, అలవాటైన ధోరణిలో చెప్పుకుపోతున్నారు.

"అంతట ఆ వర్తకుడు రెండు కొయ్యల ఓడ నిండా బార్లీ నింపుకొని, నైరుతి గాలి అనుకూలించగా ఇంటికి తిరిగి వచ్చుచుండెను."

అందరూ భక్తిగా తలలూపారు. రాజగోపాల్ గారొక్కరే ఉలిక్కిపడ్డారు.

"బార్లీ ఏంటండీ? మా కేంబ్రిడ్జ్‌లో చెప్పే కథలో బార్లీ లేదే!"

"మీ పంతులుగారు స్కిప్ చేసుంటారు" అంది పక్కింటి పద్మిని. "మాకెప్పుడూ ఉంటుంది. గాలి కూడా నైరుతే."

పంతులుగారు కళ్ళు తెరిచి పుస్తకం చూశారు. పేజీ ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు. మొహం పాలిపోయింది.

"అయ్యో రామా! ఇందులో లేదమ్మా. ఇది భీమారావు గారి బార్లీ. ఎన్నేళ్ళుగా చెబుతున్నానో ఏమో! అపచారం, అపచారం. ఇకమీదట తీసేస్తాను."

కనకదుర్గకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తీసేస్తే ఊరుకోను పంతులుగారూ. కాకపోతే సరిగ్గా చెప్పండి. బార్లీ మన ఒడ్డు నుంచి అమెరికాకి పోయేది. ఇంటికొచ్చేటప్పుడు ఓడ నిండా బొగ్గు."