నాయనకు చెల్లెలిచ్చిన కాలేయం

మా చెల్లెలంటే నాకు కుళ్లు. నలభై దాటాక ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

సూర్యాపేటలో ఉండే మా నాయనకు కాలేయం మార్చకపోతే బతకడని హైదరాబాద్ డాక్టర్లు తేల్చేశారు. చనిపోయినవాళ్లు దానం చేసే కాలేయం కోసం పేరు రాయించాం. వంతు వచ్చేదాకా ఆయన ఆగేలా లేడు. ఇంట్లోవాళ్లు కొంత కోసి ఇవ్వొచ్చని, మిగిలింది మళ్లీ పెరుగుతుందని డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. వెంటనే చెయ్యెత్తాను. పెద్దకూతురిని, గొర్లమంద వెంట నాయనతో తిరిగి పెరిగినదాన్ని. నేను కాక ఇంకెవరిస్తారు?

స్కానింగ్‌లో నా కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. నెలలో బరువు తగ్గి రమ్మన్నారు. మిర్యాలగూడలో మా ఇంటికి తిరిగొచ్చి నేనేం చేశానో చెబితే నవ్వుతారు. మా ఇళ్లల్లో ఒంట్లో ఏది నలిగితే పొట్టేలులో ఆ భాగమే వండిపెడతారు. కాలు విరిగితే కాళ్ల పులుసు, తల తిరిగితే తలకాయ కూర. అందుకని పొద్దున కాలువగట్టు మీద నడిచి, మధ్యాహ్నం పొట్టేలు కార్జం, అదే కాలేయం, వేపుడు తిన్నాను. రోజూ, నూనె తేలేలా, కడుపునిండా. నెల తిరిగేసరికి రెండు కిలోలు పెరిగాను.

"ఏం తింటున్నారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. చెప్పాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక తల దించుకుంది.

అప్పుడు కోదాడ నుంచి చెల్లెలు వచ్చింది. కూర వాసనకే ముక్కు మూసుకునే మనిషి, గొర్రె దగ్గరికొస్తే కేకలు పెట్టే మనిషి. దాని పరీక్షలన్నీ సరిపోయాయి. చుట్టాలంతా దాని చుట్టూ మూగారు. నాతో మాట్లాడినవాళ్లు కూడా దాని గురించే మాట్లాడారు. ఆపరేషన్ రోజు ఇద్దరూ బతకాలని మొక్కుతూనే ఉన్నాను, కడుపుమంట మాత్రం చల్లారలేదు. తెలివి రాగానే నాయన అడిగిన మొదటి మాట, "చిన్నది ఎట్లున్నది?" నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు నాయన పూట తప్పకుండా మందులు మింగుతూ వాకిట్లో నడుస్తున్నాడు. జబ్బులు అంటుకుంటాయని గొర్ల దగ్గరికి మాత్రం పోవద్దన్నారు. అదొక్కటే ఆయన బాధ.

మొన్న కోదాడ వెళ్లినప్పుడు చెల్లెలు కడుపు మీది గాటు చూపించింది. పక్కటెముకల కింద ఈ కొస నుంచి ఆ కొసకు ఉంది. ఇక ఉండబట్టలేక కక్కేశాను.

"నీ టెస్టులు ఫెయిల్ కావాలని మొక్కుకున్ననే."

అది కోప్పడలేదు. చీర సర్దుకుంటూ, "నేను కూడా అదే మొక్కుకున్నానక్కా," అంది. "చచ్చిపోతానని భయం. నువ్వు పాసైతవని నెలంతా ఎదురుచూశా."

నాకు ఒక్కరోజు కూడా భయం వేయలేదు. నేనిచ్చి ఉంటే అందులో గొప్పేముంది? ఇది వణుక్కుంటూ వెళ్లి ఆ బల్ల మీద పడుకుంది. నా కుళ్లు ఆ పూట రెట్టింపయింది.