బంతి నేల తాకకముందే

పోయిన శనివారం పొద్దున పక్కింటి ఆంటీ కూతురు మా తలుపు తట్టి, "దీదీ, మమ్మీ ఉఠ్ నహీఁ రహీ" అంది, అమ్మ లేవడం లేదని. కాళ్లకు చెప్పులు కూడా లేవు. నేను వెళ్లేసరికి ఆంటీ కిటికీ పక్క కుర్చీలో, దుప్పటి మోకాళ్ల దాకా కప్పుకుని, కునుకు తీస్తున్నట్టే ఉన్నారు. కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీద ఆనించి ఉన్నాయి, నర్సులు నాడి చూసినట్టుగా. తన నాడి తానే చూసుకుంటూ, అది ఆగేదాకా కూర్చున్నారన్నమాట.

జనక్‌పురిలో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే. బాపట్ల వైపు నుంచి చిన్న వయసులోనే నర్సుగా ఢిల్లీ వచ్చి, ఉద్యోగకాలమంతా ఒక ఆసుపత్రి ఐసీయూలోనే గడిపి రిటైరయ్యారు. అంకుల్ ముందే పోయారు. కూతురు నోయిడాలో ఉండేది, ఆదివారం చర్చికని వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేది. తల్లి తెలుగులో అడిగేది, కూతురు హిందీలో చెప్పేది. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

నాకు ఆమె దగ్గరయింది బేస్‌బాల్ వల్ల అంటే మీరు నమ్మరు. నేను గురుగ్రామ్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. అమెరికాలో జరిగే మ్యాచ్‌లు చూస్తూ, ఏ బంతికి ఏం జరిగిందో కంప్యూటర్లో ఎక్కించడం నా పని. అక్కడి పడమటి తీరంలో సాయంత్రం మొదలయ్యే ఆట ఇక్కడ మనం పొద్దున టీ తాగే వేళకు వస్తుంది. ఆంటీ ఆ టీ ఫ్లాస్కులో పోసుకుని వచ్చేవారు. దివాన్ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, మొదట్లో ఆట కంటే నన్నే ఎక్కువ చూసేవారు. కళ్ల కింద నలుపు వచ్చిందనేవారు. చెయ్యి పట్టుకున్నారంటే నాడి చూడకుండా వదిలేవారు కాదు.

ఆట గురించి నేనే చెప్పాను. కొట్టిన బంతి ఎవరి చేతికీ చిక్కకుండా నేల మీద పడి, కొట్టినవాడు పరుగెత్తి మొదటి గుర్తు, అంటే మొదటి బేస్, చేరితే అది హిట్. పదిసార్లలో మూడుసార్లు అలా కొట్టేవాడిని గొప్పవాడంటారు. సీజన్ అంతా పదికి నాలుగు చొప్పున కొట్టడమంటే, జీవితంలో ఒక్కసారైనా చూస్తామో లేదో తెలియని సంగతి.

"పదికి ఆరుసార్లు తప్పినా అంత మర్యాదా? మా వార్డులో అయితే నన్ను ఇంటికి పంపేవాళ్లమ్మాయ్" అని నవ్వారు.

ఈ ఏడాది ఒక చిన్న లీగ్‌లో ఒకతను ఆ లెక్క దగ్గరకు వచ్చాడు. బక్కపలచటి ఎడమచేతివాటం కుర్రాడు. ఆగస్టు దాటినా అతని సగటు పడిపోలేదు. ఆంటీకి అతనంటే ఇష్టం కలిగింది. అతను బ్యాట్ పట్టుకుని నిలబడగానే ఆమె వేళ్లు తన మణికట్టు మీదకు వెళ్లేవి. కాసేపు అలా ఉండి, మెల్లగా "పడుద్ది" అనేవారు. లేదంటే "పడదు" అనేవారు. అవతలివాడు బంతి ఇంకా విసిరి ఉండేవాడు కాదు.

మొదట్లో నేను పట్టించుకోలేదు. తర్వాత గమనించాను, ఆమె చెప్పింది ఒక్కసారీ తప్పడం లేదు. ఒకరోజు నెట్ పోయింది. తెర మీద అతను బ్యాట్ ఎత్తిన బొమ్మ అలాగే బిగుసుకుపోయింది. ఆంటీ కళ్లు మూసుకుని, "పడింది. కుడివైపు" అన్నారు. నెట్ వచ్చేసరికి అతను మొదటి బేస్ మీద నిలబడి ఉన్నాడు. వెనక్కి తిప్పి చూశాను. బంతి కుడివైపే పడింది. మళ్లీ ఇంకోసారి తిప్పి చూశాను.

నాకంటే ఆమే ఎక్కువ భయపడ్డారు. ఫ్లాస్కు వదిలేసి వెళ్లిపోయారు, కొన్ని రోజులు రాలేదు. నేనే వెళ్లి కూర్చున్నాను. అప్పుడు చెప్పారు. ఐసీయూలో మంచం కాళ్ల దగ్గర నిలబడితే ఎవరు తెల్లారేదాకా ఉంటారో, ఎవరు ఉండరో ఆమెకు తెలిసిపోయేదట. మానిటర్‌లో అన్నీ బాగున్నా తెలిసేదట. ఇంట్లోవాళ్లను ముందే పిలిపించేవారు. డాక్టర్లు అది అనుభవం అనుకున్నారు. ఆమె మాత్రం దాన్ని తీసేయమని ప్రతిరోజూ దేవుణ్ణి వేడుకున్నారు. రిటైరయ్యాక పోయిందనుకున్నారు. "మళ్లీ నీ బంతాట మీదకొచ్చి కూర్చుంది" అన్నారు.

అలాంటి కబురు ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పేవారని అడిగాను.

"ముందు చెయ్యి పట్టుకోవాలి. మాట తర్వాత" అన్నారు.

సీజన్ ఆఖరి మ్యాచ్ రోజున ఆమె మళ్లీ వచ్చారు. అప్పటికి అతని సగటు సరిగ్గా ఆ గీత మీద ఉంది. ఆడకుండా బెంచీ మీద కూర్చుంటే ఆ ఘనత అతనిదే. కోచ్ కూర్చోమన్నా అతను వినలేదని కామెంటేటర్లు చెబుతున్నారు. మొదటిసారి వచ్చి హిట్ కొట్టాడు. తర్వాత రెండుసార్లు ఊరికే వెనుదిరిగాడు. చివరిసారి కొడితే చరిత్ర, లేకపోతే వెంట్రుకవాసిలో పోతుంది. ఆంటీ ఒక్కసారీ పడుద్దనీ అనలేదు, పడదనీ అనలేదు. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఆంటీ, ఏమైతది?"

ఆమె తెర వైపు చూడటం లేదు. తన మణికట్టు వైపు చూస్తున్నారు.

"వాడి సంగతి ఇవాళ నాకేం తెలియట్లేదమ్మాయ్. వేరేది తెలుస్తోంది."

ఆ మాటకు తెరలో ఏం జరుగుతోందో మరిచిపోయాను. అప్పుడే అతను కొట్టాడు. బంతి చాలా పైకి లేచింది, ఎంతకీ దిగలేదు. చివరికి గోడను ఆనుకుని ఒకడు దూకి పట్టేశాడు. అతను పరుగు ఆపి, హెల్మెట్ తీసి, ఆ పట్టుకున్నవాడికి చెయ్యి ఊపాడు. ఆంటీ చప్పట్లు కొట్టారు. ఏం జరుగుతుందో ముందు తెలియకుండా ఆమె అతని ఆట చూసింది ఆ ఒక్కరోజే.

డాక్టర్ దగ్గరకు వెళ్దామన్నాను. ఆ వారమే చూపించుకున్నానని, అన్నీ బాగున్నాయన్నారని చెప్పారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. ఈసారి నాడి చూడలేదు. "మా పిల్లకి ఫోన్ చెయ్యి. ఆదివారం దాకా ఆగొద్దని చెప్పు. నేను చేస్తే కంగారుపడుద్ది."

నేను చేశాను. మీటింగులున్నాయని కూతురు విసుక్కుంది. అయినా మర్నాడే ల్యాప్‌టాప్‌తో సహా వచ్చి ఉండిపోయింది. గోడ అవతల తల్లీకూతుళ్ల నవ్వులు వినిపించాయి. ఒకరోజు పెసరట్ల వాసన వచ్చింది. శ్మశానవాటికలో మట్టి వేశాక ఆ అమ్మాయి నన్ను పక్కకు తీసుకెళ్లి, "ఆప్‌కో కైసే పతా థా?" అని అడిగింది. నాకు కాదు, మీ అమ్మకే తెలుసు అన్నాను. చెయ్యి పట్టుకునే అన్నాను. అది నేర్పినందుకు ఆంటీకి రుణపడి ఉంటాను.

ఆ ఆఖరి మ్యాచ్ రోజు, ఆట అయిపోయాక ఆంటీ కొత్తిమీర కొనడానికి కిందకు దిగారు. అదే సమయానికి డెంగ్యూ దోమలకు పొగ కొట్టే బండి మా వీధిలోకి వచ్చింది. బాల్కనీ నుంచి చూస్తూ నిలబడ్డాను. తెల్లటి పొగ ముందు ఆమె చీర కుచ్చిళ్లను కప్పింది, తర్వాత భుజాలను, తర్వాత జుట్టును. వీధిలో ఏమీ లేదు, ఉత్త తెలుపు. అందులోంచి కొత్తిమీర తాజాదేనా అని కూరలవాణ్ణి అడుగుతున్న ఆమె గొంతు మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది, "భయ్యా, తాజా హై నా?" అని.